మ్యూనిక్ ఒక్టోబర్‌ఫెస్ట్‌కు మొదటిసారి వెళ్తున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఆగస్టు వచ్చిందంటే మ్యూనిక్‌లో ఉండే తెలుగువాళ్ల ఫోన్లకు ఒకే రకం ప్రశ్నలు వరస కడతాయి. హైదరాబాదు నుంచి బంధువులు, బెర్లిన్ నుంచి స్నేహితులు, చదువు కోసం కొత్తగా దిగిన పిల్లలు, అందరి సందేహాలూ దాదాపు అవే. అందుకే జర్మనీలోని మ్యూనిక్‌లో ఏటా జరిగే ఈ పెద్ద బీరు పండుగ గురించి జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టాను. మొదటి నుంచి చదవనక్కరలేదు, మీ ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి. ధరలు 2025 నాటివి. ఏటా కొంత పెరుగుతాయని కలుపుకొని చూసుకోండి.

## వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

పేరులో అక్టోబరు ఉంది కదా, సెప్టెంబరులో ఎందుకు మొదలవుతుంది? తేదీలు ఎలా తెలుసుకోవాలి?

1810 అక్టోబరు 12న బవేరియా యువరాజు లుడ్విగ్‌కు, రాకుమారి టెరేజేకు పెళ్లయింది. ఆ వేడుకల్లో భాగంగా ఊరి బయటి మైదానంలో గుర్రప్పందేలు జరిపారు. మరుసటి ఏడాది కూడా జరపడంతో అది ఏటేటా వచ్చే పండుగైంది. మైదానానికి పెళ్లికూతురి పేరే పెట్టారు, టెరేజియన్‌వీజె అని. స్థానికులు దాన్నీ, పండుగనూ కలిపి ‘వీజ్న్’ అంటారు. అక్టోబరులో మ్యూనిక్ చలి బీరుకు అనుకూలం కాదు కాబట్టి తర్వాతి కాలంలో ప్రారంభాన్ని సెప్టెంబరుకు జరిపారు. ఇప్పటి లెక్క ఇది: సెప్టెంబరు 15 తర్వాత వచ్చే శనివారం మొదలై, అక్టోబరు మొదటి ఆదివారంతో ముగుస్తుంది. ఆ ఆదివారం 1వ తేదీనో 2వ తేదీనో పడితే, జర్మనీ ఏకీకరణ దినమైన అక్టోబరు 3 దాకా పొడిగిస్తారు. ఆ ప్రకారం 2026లో సెప్టెంబరు 19 నుంచి అక్టోబరు 4 వరకు, 2027లో సెప్టెంబరు 18 నుంచి అక్టోబరు 3 వరకు.

అది తాగేవాళ్ల పండుగ కదా. నాకు మద్యం అలవాటు లేదు, వెళ్లి ఏం చేయాలి?

బీరు టెంట్లు మైదానంలో ఒక భాగం మాత్రమే. మిగిలిందంతా మన జాతర లాంటిదే: రంగులరాట్నాలు, జెయింట్ వీల్, బొమ్మల కొట్లు, వేయించిన బాదం పప్పుల వాసన. నన్నడిగితే అసలు చూడాల్సినవి పాత ఆటలు. టోయ్‌ఫెల్స్‌రాడ్ అనే ‘దయ్యపు చక్రం’ 1910 నుంచి ఉంది. నున్నటి చెక్క పళ్లెం మీద జనాన్ని కూర్చోబెట్టి తిప్పుతారు, అందరూ ఒకరి మీద ఒకరు జారిపడుతుంటే మైకులో వ్యాఖ్యాత ఆటపట్టిస్తుంటాడు. ఎక్కకపోయినా చుట్టూ కూర్చుని ఎంతసేపైనా చూడవచ్చు. టొబోగన్‌లో వేగంగా కదిలే బెల్టు మీద నిలబడి పైకి చేరాలి. చేరినవాళ్ల కంటే పల్టీలు కొట్టినవాళ్లను చూడటానికే కింద గుంపు చేరుతుంది. షిష్ట్ల్ అనే చిన్న నాటకశాల 1869 నుంచి ప్రేక్షకుల్లో ఒకరిని వేదిక మీదికి పిలిచి ‘తల నరుకుతోంది’. మైదానం అంచున 1850లో నిలబెట్టిన బవేరియా కంచు విగ్రహం ఉంది, ఎత్తు 18 మీటర్లకు పైనే. లోపలి మెట్లెక్కి తల భాగం దాకా వెళ్లి మైదానమంతా చూడవచ్చు. ఏటా 60 లక్షల పైచిలుకు జనం వస్తారు. వారిలో సాయంత్రం పూట టెంటు మొహమైనా చూడకుండా తిరిగి ఇంటికి వెళ్లే కుటుంబాలు చాలానే ఉంటాయి.

ఏ రోజు, ఎన్ని గంటలకు వెళ్తే బాగుంటుంది?

సోమవారం నుంచి గురువారం లోపు ఒక రోజు, ఉదయం 11 గంటలకు. ఇంతకంటే మంచి సలహా నా దగ్గర లేదు. ఆ వేళ టెంట్లలో సీట్లుంటాయి, బ్యాండు నెమ్మదిగా వాయిస్తుంది, వడ్డించేవాళ్లకు మీతో రెండు మాటలు మాట్లాడే తీరిక ఉంటుంది. సాయంత్రం 6 దాకా టెంట్లలో సంప్రదాయ బాజాభజంత్రీలే వాయించాలి, శబ్దం 85 డెసిబెల్స్ దాటకూడదు అని నిబంధన ఉంది. ఆరు దాటాక పాప్ పాటలు, బెంచీల మీద గంతులు మొదలవుతాయి. శనివారాలు కిటకిటలాడతాయి. 2025లో రెండో శనివారం రద్దీ మరీ పెరిగి కాసేపు మైదానాన్నే మూసేయాల్సి వచ్చింది. ఊరేగింపులు చూడాలనుకుంటే మొదటి శనివారం, ఆదివారం రండి. శనివారం టెంటు యజమానులు బళ్లమీద ఊరేగి వస్తారు. మధ్యాహ్నం 12కు షొట్టెన్‌హామెల్ టెంటులో నగర మేయరు మొదటి పీపాకు కుళాయి బిగించి ‘ఓజాప్ఫ్‌ట్ ఇస్’ (కుళాయి బిగించేశాం) అని అరుస్తారు. ఈ ఆచారం 1950లో మొదలైంది. ఆ రోజు 12 దాకా ఏ టెంటులోనూ చుక్క బీరు పోయరు. ఆదివారం ఉదయం సంప్రదాయ దుస్తుల ఊరేగింపు నగరం మధ్య నుంచి ఏడు కిలోమీటర్లు సాగుతుంది. రోడ్డు పక్కన నిలబడి చూడటానికి డబ్బు కట్టనక్కరలేదు.

ఇండియా నుంచి వస్తున్నాం. వీసా, విమానం ఎప్పటి నుంచి చూసుకోవాలి?

షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు. సెప్టెంబరు ప్రయాణమైతే ఏప్రిల్, మే నెలల్లోనే అపాయింట్‌మెంట్ పట్టండి, వేసవి సెలవుల రద్దీలో అవి దొరకడమే కష్టం. పెద్దవారికి ఫీజు 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులు భరించే ప్రయాణ బీమా తప్పనిసరి. హైదరాబాదు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు నేరుగా విమానం ఉంది. అక్కడి నుంచి మ్యూనిక్‌కు వేగపు రైలులో మూడున్నర గంటల ప్రయాణం.

హోటల్ అద్దెలు చూస్తే కళ్లు తిరుగుతున్నాయి. వేరే దారి ఉందా?

ఉంది. మ్యూనిక్‌లో బస చేయకండి. ఈ పదహారు రోజుల్లో మామూలు గదికి రెండింతలు, మూడింతలు అడుగుతారు. ఔగ్స్‌బుర్గ్, లాండ్స్‌హుట్, ఇంగోల్‌స్టాట్ పట్టణాలు రైలులో దాదాపు గంట లోపే. పైగా చూడదగిన ఊళ్లు కూడా. జర్మనీ టికెట్టు అనే నెలవారీ పాసు ఉన్నవారికి ప్రాంతీయ రైళ్లలో విడిగా ఖర్చే ఉండదు. బస ఖరారు చేసే ముందు రాత్రి చివరి రైలు ఎన్నింటికో చూసుకోండి.

నాకు అంత గుంపు పడదు. జర్మనీలోనే చిన్న బీరు పండుగలు ఉన్నాయా?

చాలా ఉన్నాయి, కొన్ని మ్యూనిక్ కంటే నాకు ఎక్కువ నచ్చినవి. ఎర్లాంగెన్‌లో పెంతెకొస్తు రోజుల్లో (మే-జూన్) జరిగే బెర్గ్‌కిర్ష్‌వై 1755 నాటిది, అంటే మ్యూనిక్ పండుగ కంటే పాతది. చెట్ల నీడన, గుట్ట వాలు మీద, పాత బీరు నేలమాళిగల ముందు జరుగుతుంది. ఆగస్టులో అయితే ష్ట్రౌబింగ్‌లో గోయ్‌బోడెన్ పండుగ. ష్టుట్‌గార్ట్‌లో ఉండేవారికి కాన్‌స్టాట్ పండుగ దగ్గర, 1818లో మొదలైంది, దాదాపు ఒక్టోబర్‌ఫెస్ట్ రోజుల్లోనే వస్తుంది. అయితే అది మాత్రం చిన్నదేమీ కాదు. డాహావులో ఆగస్టులో జరిగే జాతరలో బీరు ధర మ్యూనిక్ కంటే బాగా తక్కువ.

## డబ్బు, సీటు

లోపలికి వెళ్లడానికి టికెట్టు ఎంత?

మైదానానికీ టెంట్లకూ ప్రవేశ రుసుము లేదు. టికెట్టు అమ్ముతామని ఎవరైనా చెబితే అది మోసం. ఒక్క మినహాయింపు: దక్షిణ భాగంలో కంచె వేసిన ‘ఓయిడె వీజ్న్’, అంటే పాతకాలపు పండుగ. 2010లో ద్విశతాబ్ది సందర్భంగా పెట్టినది జనానికి నచ్చి నిలిచిపోయింది, అయితే కొన్ని ఏడాదుల్లో ఉండదు. అక్కడికి పెద్దలకు 4 యూరోలు. పాత రంగులరాట్నాలు, జానపద నృత్యాలు, తక్కువ గోల. తల్లిదండ్రులతో వచ్చినవారిని నేను ముందు అక్కడికే పంపుతాను.

రిజర్వేషన్ లేదు. మాకు సీటు దొరుకుతుందా?

ఈ పండుగలో అన్నిటికంటే విలువైనది బీరు కాదు, బెంచీ మీద చోటు. దాదాపు అన్ని టెంట్లలోనూ సీటు ఉన్నవారికే బీరు పోస్తారు. నిలబడి చేయి ఊపితే ఎవరూ పట్టించుకోరు. కాబట్టి మీ రోజంతటినీ సీటు చుట్టూ అల్లుకోవాలి.

ప్రతి పెద్ద టెంటులోనూ కొంత భాగాన్ని రిజర్వేషన్ లేనివారికి వదిలి ఉంచాలి. మామూలు రోజుల్లో మధ్యాహ్నం రెండు, మూడు దాకా ఇద్దరికో నలుగురికో చోటు దాదాపు ఖాయం. టేబుల్ మీద చీటీ గానీ బోర్డు గానీ ఉంటే దాని మీద రాసిన సమయం చూడండి. సాయంత్రం 5కు రిజర్వ్ అయి ఉంటే 4.30 దాకా మీరు కూర్చోవచ్చు, తర్వాత మారు మాట లేకుండా లేవాలి. పది మంది గుంపుగా వెళ్లి ఒకే టేబుల్ కావాలంటే కుదరదు. ఇద్దరిద్దరుగా విడిపోండి. ‘ఇస్ట్ హియర్ నోహ్ ఫ్రై?’ (ఇక్కడ ఖాళీ ఉందా?) అని అడిగి అపరిచితుల పక్కన కూర్చోవడం ఇక్కడ మర్యాదే, పైగా పండుగలో సగం ఆనందం అదే. ఎండ కాస్తుంటే టెంటు బయటి తోటలో చూడండి. అక్కడ రిజర్వేషన్లు తక్కువ, గాలి వస్తుంది, మాట వినబడుతుంది. శుక్రవారం సాయంత్రం, శనివారం అయితే తలుపు తెరిచేసరికే గేటు ముందు ఉండాలి. సీటు దొరికాక అందరూ ఒకేసారి లేవకండి. బయటికి వెళ్లినవారిని టెంటు నిండిందని మళ్లీ లోపలికి రానివ్వకపోవచ్చు.

రిజర్వేషన్ చేయించుకోవాలంటే ఎలా?

ప్రతి టెంటుకూ ఒక యజమాని, సొంత వెబ్‌సైటు ఉంటాయి. దరఖాస్తులు వసంతంలో మొదలవుతాయి. సాధారణంగా పది మంది టేబుల్ మొత్తంగా తీసుకోవాలి. టేబులుకు విడిగా డబ్బు ఉండదు గానీ తలా రెండు లీటర్ల బీరు, అర కోడి వంటి కూపన్లు ముందే కొనాలి. అలా పది మందికి 450 యూరోలకు అటూఇటూ అవుతుంది. శుక్ర, శని సాయంత్రాలు పాత ఖాతాదారులకే సరిపోతాయి. మధ్యాహ్నపు పూట అడిగితే కొత్తవారికీ దొరుకుతుంది.

ఇంటర్నెట్‌లో ఎవరో శనివారం టేబుల్ అమ్ముతున్నారు, కొనవచ్చా?

వద్దు. అసలు ధరకు అయిదారు రెట్లు అడుగుతారు, పైగా టెంటు యజమానులు అలా చేతులు మారిన రిజర్వేషన్లను రద్దు చేస్తారు. డబ్బు పోతుంది, గేటు దగ్గర నిలబడిపోతారు.

ఒక మనిషికి ఎంత డబ్బు పెట్టుకోవాలి? కార్డు నడుస్తుందా?

లీటరు బీరు 14.50 నుంచి 15.80 యూరోల మధ్య. అర కోడి టెంటును బట్టి 15 యూరోల పైన. రెండు బీర్లు, ఒక భోజనం, రెండు ఆటలు, చేతికిచ్చే టిప్పు కలిపితే 80 యూరోలు హాయిగా అయిపోతాయి. కొన్ని టెంట్లలో కార్డు తీసుకుంటారు గానీ నగదే నమ్మకం. బీరు తెచ్చి పెట్టగానే అక్కడికక్కడే డబ్బివ్వాలి, చివర్లో బిల్లు రాదు. 10, 20 నోట్లు దగ్గర ఉంచుకోండి. మైదానంలో ఏటీఎంలు ఉన్నాయి, వాటి ముందు వరసలూ ఉన్నాయి. టిప్పు పది శాతం దాకా మర్యాద. మొదటి బీరుకే కాస్త ధారాళంగా ఇచ్చిన టేబులుకు రెండోది త్వరగా వస్తుందని ఇక్కడ అందరికీ తెలిసిన సంగతి.

## ఇంటి నుంచి బయలుదేరే ముందు

డిర్న్‌డల్ (ఆడవారి సంప్రదాయ గౌను), లేడర్‌హోజెన్ (మగవారి తోలు నిక్కరు) వేసుకోవాలా? చీర కట్టుకుంటే వింతగా చూస్తారా?

ఏదీ తప్పనిసరి కాదు. జీన్స్ వేసుకుని వచ్చేవారు ఎంతోమంది. చీర కట్టుకుంటే పక్క టేబుల్ వాళ్లు ఫొటో అడుగుతారు, అంతే. అయితే ఇరుకు బెంచీలు, తడి నేల, మెట్లు గుర్తుంచుకోండి. సంప్రదాయ దుస్తులే కావాలంటే రైల్వే స్టేషను దగ్గర అమ్మే పలచటి పాలియెస్టర్ వేషాలు కొనకండి. అంతకంటే నగరంలో అద్దెకు ఇచ్చే దుకాణాలు, పాత బట్టల దుకాణాలు మేలు. లేడర్‌హోజెన్ జింక, మేక, ఆవు తోళ్లతో కుడతారు. పట్టింపు ఉన్నవారు అడిగి తీసుకోండి. డిర్న్‌డల్ ఏప్రాన్ ముడి ఎడమ వైపు ఉంటే ఎవరూ తోడు లేరని, కుడి వైపు ఉంటే తోడున్నారని అర్థం. వెనక ముడి వితంతువులది, వడ్డించే స్త్రీలది. ఈ లెక్కను అందరూ పాటించరు గానీ కుడి వైపు కట్టుకుంటే కొన్ని అనవసర పలకరింపులు తగ్గుతాయి. బట్టలు ఏవైనా సరే, పాదాలను పూర్తిగా కప్పే బూట్లు వేసుకోండి, నేల మీద గాజు పెంకులుంటాయి. రాత్రి చలికి ఒక జాకెట్టు కావాలి.

బ్యాక్‌ప్యాక్ తెచ్చుకోవచ్చా?

కుదరదు. 2016 నుంచి వీపు సంచులు నిషేధం. సుమారు 20 × 15 × 10 సెంటీమీటర్లు, మూడు లీటర్ల పరిమాణం దాటిన ఏ సంచినీ గేటు దగ్గర ఆపేస్తారు. గాజు సీసాలు, కత్తులు, స్ప్రేలు కూడా వద్దు. ప్రవేశాల దగ్గర డబ్బు తీసుకుని సామాను భద్రపరిచే చోట్లున్నాయి, వరస మాత్రం పొడవు. విమానం దిగి పెట్టెతో నేరుగా వచ్చేవారు సామాను ఎక్కడైనా వదిలి రావాలి.

మైదానానికి ఎలా చేరుకోవాలి?

మ్యూనిక్ ప్రధాన రైల్వే స్టేషను నుంచి నడిస్తే పావుగంట. దారి అడగనక్కరలేదు, డిర్న్‌డళ్ల వెంట నడిస్తే చాలు. మెట్రో అయితే యు4, యు5 లైన్లలో టెరేజియన్‌వీజె స్టేషను గేటు ముందే దించుతుంది, అందుకే అక్కడ ఎప్పుడూ తొక్కిసలాటే. యు3, యు6 లైన్లలో గ్యోటెప్లాట్స్, పొచ్చిష్ట్రాసె స్టేషన్లు ప్రశాంతం. లోకల్ రైళ్లలో వచ్చేవారు హాకర్‌బ్రూకెలో దిగుతారు.

## టెంటు లోపల

పద్నాలుగు పెద్ద టెంట్లు ఉన్నాయట. ఏది ఎంచుకోవాలి?

బీరు మ్యూనిక్ నగరపు ఆరు సంస్థలదే ఉంటుంది: ఔగుస్టీనర్, హాకర్-ప్షోర్, హోఫ్‌బ్రాయ్, లోవెన్‌బ్రాయ్, పౌలానర్, ష్పాటెన్. రుచిలో తేడా కంటే టెంటు వాతావరణంలో తేడా ఎక్కువ. ఔగుస్టీనర్ టెంటులో ఇప్పటికీ చెక్క పీపాల నుంచే పోస్తారు, స్థానిక కుటుంబాలు ఎక్కువ. మొదటిసారి వచ్చేవారికి నా ఓటు దానికే. హోఫ్‌బ్రాయ్‌లో విదేశీయుల హోరు, నిలబడి తాగే చోటు కూడా ఉంది. ఇరవై ఏళ్ల కుర్రాళ్లకు నచ్చుతుంది, వారి తల్లిదండ్రులకు నచ్చదు. హాకర్ టెంటు పైకప్పును నీలాకాశం, మేఘాలతో అలంకరిస్తారు, కనీసం లోపలికి తొంగి చూడాలి. ఫిషర్ ఫ్రోనిలో పుల్లకు గుచ్చి నిప్పుల మీద కాల్చిన చేపలు. లోవెన్‌బ్రాయ్ గుమ్మం మీద బొమ్మ సింహం గర్జిస్తుంటుంది, పిల్లలకు సరదా. పెద్ద టెంట్లు నిండిపోతే ఇరవైకి పైగా ఉన్న చిన్న టెంట్లను మరచిపోకండి. కోడి, బాతు, కేకుల వంటి ఒక్కో ప్రత్యేకతతో ఉంటాయి.

చిన్న గ్లాసులో ఇవ్వరా? ఒక మాస్ తాగితే ఎంత ఎక్కుతుంది?

పెద్ద టెంట్లలో బీరంటే లీటరు గ్లాసే. దాన్ని మాస్ అంటారు. ఈ పండుగకు కాచే బీరులో ఆల్కహాలు ఆరు శాతం చుట్టుపక్కల, కాస్త తీపి, తేలిగ్గా గొంతు దిగుతుంది. ప్రమాదమంతా అక్కడే. లెక్క వేస్తే ఒక మాస్‌లో 60 మిల్లీలీటర్ల ఆల్కహాలు. మన ఊళ్లో 30 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గులు దాదాపు అయిదు, లేదా అయిదు శాతం బీరు పెద్ద సీసాలు రెండింటికి కొంచెం తక్కువ. ఇది తెలియక ‘బీరే కదా’ అని మూడో గ్లాసు ఎత్తినవారిని వాళ్ల స్నేహితులు మోసుకుపోవడం ఏటా చూస్తాం. మొదటి గ్లాసుకు గంట, దానితో పాటు కడుపునిండా తిండి, మధ్యలో నీళ్లు. తేలిగ్గా కావాలంటే రాడ్లర్ అడగండి, సగం బీరు, సగం నిమ్మ సోడా. బీరు, వైన్‌లకు కనీస వయసు 16, ఘాటైన మద్యానికి 18.

మద్యం తాగకపోతే టేబుల్ దగ్గర కూర్చోనిస్తారా?

కూర్చోనిస్తారు, ఏదో ఒకటి ఆర్డరు చేస్తే చాలు. ఆల్కహాలు లేని బీరు అన్ని పెద్ద టెంట్లలో ఉంది, అదే గ్లాసులో వస్తుంది కాబట్టి పక్కవారికి తేడా తెలియదు. ఆపిల్ రసంలో సోడా కలిపిన ఆప్ఫెల్‌షోర్లె, కోలాలో నారింజ సోడా కలిపిన ష్పేట్సి కూడా దొరుకుతాయి. నీళ్లు ఉచితంగా టేబుల్ మీదికి వస్తాయని మాత్రం ఆశించకండి, అడిగితే సోడా సీసా ఇచ్చి డబ్బు తీసుకుంటారు.

అక్కడి పద్ధతులు తెలియవు. ఏం చేస్తే నవ్వుతారు, ఏం చేస్తే బయటికి పంపుతారు?

గ్లాసు తాకించేటప్పుడు ఎదుటివారి కళ్లలోకి చూసి ‘ప్రోస్ట్’ అనాలి. పలచటి అంచు కాకుండా మందపాటి అడుగు భాగం తాకించాలి, లేకపోతే పగులుతుంది. బ్యాండు కాసేపటికోసారి ఒక చిన్న శుభాకాంక్షల పాట వాయిస్తుంది. అప్పుడు అందరూ గ్లాసులెత్తుతారు, మీరూ ఎత్తండి. బెంచీ మీద నిలబడి ఆడవచ్చు, టేబుల్ ఎక్కకూడదు. టేబుల్ మీద నిలబడి లీటరంతా ఒక్క గుక్కలో తాగే ప్రయత్నం చేస్తే చుట్టూ కేకలు వేస్తారు, వెనకనుంచి భద్రతా సిబ్బంది వస్తారు. టెంట్లలో పొగ తాగడం నిషేధం. గంజాయి మైదానమంతటా నిషేధం. ఖాళీ గ్లాసే కిలోకు పైన బరువు, అలాంటివి పదేసి ఒకేసారి మోసుకొచ్చే మనిషి ‘ఫోర్‌జిష్ట్’ (జాగ్రత్త) అని అరిస్తే వెంటనే దారి వదలండి. నడవల్లో నిలబడి సెల్ఫీలు తీసుకునేవారిని వాళ్లు నిజంగానే తోసుకుంటూ పోతారు.

మేము శాకాహారులం. తినడానికి ఏమైనా ఉంటుందా?

ఉంటుంది, కానీ అడిగి తినాలి. కేజెష్పెట్స్‌లె అనే చీజు, వేయించిన ఉల్లిపాయల వంటకం కడుపు నింపుతుంది. దాని పిండిలో గుడ్డు ఉంటుంది. ఒబాట్స్‌డా అంటే మెత్తటి చీజు, వెన్న, పాప్రికా పొడి (కారం తక్కువ ఉండే మిరప పొడి) కలిపిన ముద్ద, పెద్ద బ్రెట్సెన్‌తో (ముడి ఆకారంలో కాల్చిన రొట్టె) తింటారు, బీరు ఇష్టం లేకపోయినా ఇది వదలకండి. కొన్ని చోట్ల దాంట్లో కాస్త బీరు కలుపుతారు. బ్రెట్సెన్ పిండిలో కొందరు పంది కొవ్వు వాడతారు, పుల్లటి క్యాబేజీలో పంది మాంసం ముక్కలు వేయడం మామూలు, బంగాళాదుంప ఉండల మీద పోసే పులుసు మాంసపు రసం. ‘ఓనె ఫ్లైష్, ఓనె ష్పెక్’ (మాంసం లేకుండా, పంది కొవ్వు లేకుండా) అని చెప్పండి. బయటి కొట్లలో బంగాళాదుంప అట్లు, వేయించిన బాదం, ఉడికించిన మొక్కజొన్న ఉంటాయి. గుడ్డు తింటే కైజర్‌ష్మారన్ అనే ముక్కల పాన్‌కేకు తప్పక తినండి. జైన పద్ధతిలో తినేవారు, ప్రత్యేక నియమాలున్నవారు తినే వెళ్లడం మంచిది.

మాంసం తింటాం గానీ గొడ్డు, పంది మాంసం తినం.

అర కోడి తీసుకోండి. మరేమీ ఆలోచించనక్కరలేదు, ఉప్పు, మిరియాలు, పార్‌స్లీతో కాల్చి ఇస్తారు, ఈ పండుగలో అత్యధికంగా తినేది అదే. చేపలూ బాగుంటాయి. సాసేజ్‌లు, లేబర్‌కేజె (కాల్చిన మాంసపు ముద్ద) వంటివాటికి దూరంగా ఉండండి, వాటిలో పంది మాంసమో, పంది, ఆవు రెండూనో ఉంటాయి.

గ్లాసు గుర్తుగా తెచ్చుకోవచ్చా?

కొని తెచ్చుకోవచ్చు. టేబుల్ మీది గ్లాసు సంచిలో పెట్టుకుంటే అది దొంగతనం, పోలీసు కేసు కూడా కావచ్చు. గేట్ల దగ్గర ఏటా లక్షకు అటూఇటూగా గ్లాసులు పట్టుకుని వెనక్కి తీసుకుంటారు. విద్యార్థి వీసా మీద ఉన్నవారు పదిహేను యూరోల వస్తువు కోసం ఆ తలనొప్పి తెచ్చుకోవద్దు.

## పిల్లలతో, ఒంటరిగా

చిన్నపిల్లలను తీసుకెళ్లవచ్చా? తోపుడు బండి?

మంగళవారాలు కుటుంబాల రోజులు, సాయంత్రం 7 దాకా ఆటల ధరలు తగ్గిస్తారు. తోపుడు బండి సాయంత్రం 6 తర్వాత కుదరదు. శనివారాలు, అక్టోబరు 3న రోజంతా కుదరదు. ఆరేళ్లలోపు పిల్లలు రాత్రి 8 తర్వాత తల్లిదండ్రులతో ఉన్నా టెంట్లలో ఉండకూడదు. పిల్లవాడి చేతి మీద మీ ఫోను నంబరు రాయండి, ఈ గుంపులో అది అతి జాగ్రత్త కాదు.

మేము ఇద్దరం అమ్మాయిలమే వెళ్తున్నాం. భయం ఉందా?

పగటిపూట, టెంటులో కుటుంబాల మధ్య అయితే హాయిగా ఉంటుంది. గ్లాసును విడిచి వెళ్లకండి, ఇతరులు తెచ్చిన తెరిచిన గ్లాసు తీసుకోకండి, చీకటి పడ్డాక బవేరియా విగ్రహం దిగువన ఉన్న గడ్డి వాలు దగ్గరికి వెళ్లకండి. అక్కడంతా తాగి పడినవాళ్లే. ఎవరైనా చేయి వేస్తే మొహమాటం లేకుండా గట్టిగా అరిచి, టెంటు భద్రతా సిబ్బందికి చూపించండి, వారు వెంటనే బయటికి పంపుతారు. షొట్టెన్‌హామెల్ టెంటు వెనక ఉన్న సేవా కేంద్రంలో ‘జిహెరె వీజ్న్’ అనే విభాగం సాయంత్రాలు తెరిచి ఉంటుంది. స్త్రీలకు, బాలికలకు మాత్రమే. ఫోను చార్జింగు అయిపోయినా, స్నేహితులు కనబడకపోయినా, ఎవరైనా వెంటపడుతున్నా వెళ్లవచ్చు. ఇంటికి చేర్చే ఏర్పాటులో కూడా సాయం చేస్తారు.

## చీకటి పడ్డాక

ఎన్నింటికి మూసేస్తారు? తిరిగి ఎలా వెళ్లాలి?

బీరు పోయడం రాత్రి 10.30కు ఆపుతారు, టెంట్లు 11.30కు మూస్తారు. కేఫర్ టెంటు, వైన్ టెంటు మాత్రం అర్ధరాత్రి ఒంటిగంట దాకా. 10.30కు అందరూ ఒకేసారి టెరేజియన్‌వీజె స్టేషను వైపు కదులుతారు, రద్దీ మితిమీరితే స్టేషను గేట్లు మూస్తారు. పది నిమిషాలు నడిచి గ్యోటెప్లాట్స్‌కో ష్వాన్‌టాలర్‌హోయెకో వెళ్తే ముందు మీరే ఇల్లు చేరతారు. పది గంటలకే లేస్తే ఇంకా హాయి.

ఒక్క మాసే తాగాను. కారు గానీ కిరాయి స్కూటర్ గానీ నడపవచ్చా?

వద్దు. జర్మనీలో రక్తంలో ఆల్కహాలు పరిమితి వెయ్యి పాళ్లకు 0.5, లైసెన్సు కొత్తగా తీసుకున్నవారికి, 21 ఏళ్లలోపు వారికి సున్నా. విద్యుత్ స్కూటర్లకూ ఇదే వర్తిస్తుంది. ఫోనుతో తెరిచే ఆ చిన్న స్కూటర్లను బొమ్మల్లా భావించి ఎక్కినవారు ఏటా కారు లైసెన్సు పోగొట్టుకుంటారు. ఆ రాత్రి పోలీసులు మైదానం చుట్టూ ప్రత్యేకంగా వాటి కోసమే నిలబడతారు.

ఫోనో పర్సో పోయింది. ఏం చేయాలి?

మైదానంలోని సేవా కేంద్రంలోనే పోయిన వస్తువుల కార్యాలయం ఉంది, పోలీసు, ప్రథమ చికిత్స కూడా అక్కడే. దొరికినవాటిని తెచ్చి ఇచ్చేవారు ఇక్కడ ఎక్కువ, కాబట్టి మరునాడు ఉదయం మళ్లీ వెళ్లి అడగండి. పండుగ ముగిశాక మిగిలినవి నగరపు కార్యాలయానికి చేరతాయి. ఇండియాకు తిరిగి వెళ్లిపోయినవారు అక్కడ వివరాలు ఇచ్చి విచారించవచ్చు. పాస్‌పోర్టు పోతే ముందు పోలీసు ఫిర్యాదు కాగితం తీసుకోండి, మ్యూనిక్‌లోని భారత కాన్సులేటులో మొదట అడిగేది అదే.